డిజిటల్ వెర్నియర్ కొనేవాళ్ళు జాగ్రత్త: బెజవాడలో మిటుటోయో పేరుతో నకిలీ సరుకు

ఆటోనగర్‌లో లేత్ పని చేసేవాళ్ళు, కొత్తగా షెడ్డు పెట్టుకుంటున్న కుర్రాళ్ళు ఇది చదవండి. బెజవాడలో ఒక టూల్స్ కొట్టువాడు మిటుటోయో (జపాన్ కంపెనీ) అని చెప్పి నాకు అమ్మిన 150 మి.మీ. డిజిటల్ వెర్నియర్ (సన్న కొలతలు తీసే పనిముట్టు) నకిలీది. గొడవ ఇంకా తేలలేదు కాబట్టి కొట్టు పేరు రాయడం లేదు.

2,800 రూపాయలు తీసుకున్నాడు. అసలుది కొనాలంటే దానికి రెట్టింపు పైనే పెట్టాలి. ఇంత తక్కువేంటని అడిగితే "పాత స్టాక్ అన్నా, ఖాళీ చేస్తున్నాం" అన్నాడు. పైగా ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. అమెరికాలో రైఫిల్ తూటాలు సొంతంగా కూర్చుకునేవాళ్ళు, బుల్లెట్ ఇత్తడి గొట్టంలోకి (కేసు) ఎంత లోతు దిగిందో ఇలాంటి వెర్నియర్‌తోనే చూసుకుంటారట. ఆ మాట నిజమే. బుల్లెట్ మరీ లోపలికి దిగితే పేలినప్పుడు పీడనం పెరుగుతుంది, అందుకే వాళ్ళు అంగుళంలో వెయ్యో వంతు కూడా వదలరు. మన దగ్గర లైసెన్సు లేకుండా తూటా తయారు చేస్తే 1959 ఆయుధాల చట్టం కింద కేసవుతుంది, అది వేరే సంగతి. నాకు కావలసింది బేరింగ్ హౌసింగ్ (బేరింగ్ కూర్చునే గూడు) లోతు కొలవడానికి.

గుంటూరు మిర్చి మిల్లు ఒకదానికి 6205 సైజు బేరింగ్ కూర్చునే హౌసింగ్ చేసి పంపాం. బేరింగ్ వెడల్పు 15 మి.మీ., లోతు కూడా అంతే రావాలి. ఈ వెర్నియర్ డెప్త్ రాడ్ (లోతు కొలవడానికి స్కేలు చివర నుంచి బయటికొచ్చే సన్న కడ్డీ) 15.00 చూపించింది. మిల్లు నడిచాక శబ్దం వస్తోందని వెనక్కి తెచ్చారు. కవర్ బిగించి ఉన్నా బేరింగ్ లోపల ముందుకీ వెనక్కీ ఆడుతోంది. పక్క షెడ్డు బాబాయ్ దగ్గర డెప్త్ మైక్రోమీటర్ తెచ్చి చూస్తే 15.18. అంటే లోతు 0.18 మి.మీ. ఎక్కువైంది. మాల్ పాడయింది, కూలీ పోయింది, మిల్లు ఓనరుకు మిల్లు ఆగిపోయింది.

మోసం ఎక్కడుందంటే, ఇదే వెర్నియర్ దవడలతో (వస్తువుని మధ్యలో పెట్టి కొలిచే రెండు కొనలు) కొలిస్తే సరిగ్గానే చూపిస్తుంది! కొట్టులో అందరం దవడలే చూస్తాం, డెప్త్ రాడ్ సంగతి ఎవరూ పట్టించుకోరు. ఇందులో రాడ్ కొంచెం వంగి ఉంది, స్కేలు చివర సూటిగా లేదు. కొనేముందు దవడలు మూసి, వెర్నియర్‌ని గాజు పలక మీద నిలువుగా నిలబెట్టండి. రాడ్ కొన, స్కేలు చివర రెండూ ఒకేసారి పలకకు ఆనాలి, సున్నా కదలకూడదు. వీలైతే ఒకే కొలత ఉన్న రెండు స్లిప్ గేజ్‌ల (కచ్చితమైన మందం ఉన్న ఉక్కు దిమ్మెలు) మీద స్కేలు చివర ఆనించి, మధ్యలో రాడ్ దించి చూడండి. 10 మి.మీ. గేజ్‌లైతే 10 రావాలి, 0.02 అటూ ఇటూ అయితే పర్లేదు.

దవడలకైతే మంచి కంపెనీ కొత్త 6204 బేరింగ్ చాలు. బయటి వ్యాసం 47, లోపలి వ్యాసం 20. మామూలు క్లాసు బేరింగ్‌లో ఈ రెండూ 0.01 మి.మీ. దరిదాపుల్లోనే తగ్గుతాయి. వెడల్పు మాత్రం నమ్మొద్దు, అది 0.12 వరకు తక్కువ ఉండొచ్చు. బేరింగ్‌లలోనూ డూప్లికేట్లున్నాయి లెండి, వాటి కథ ఇంకోసారి.

డబ్బాలో ఇన్‌స్పెక్షన్ సర్టిఫికెట్ కూడా ఉంది, దాన్ని చూసి మోసపోకండి. అదే కొట్టులో కొన్న మా స్నేహితుడి వెర్నియర్ మీదా, నా దాని మీదా సీరియల్ నంబర్ ఒక్కటే!

వెనక్కి ఇవ్వబోతే "ఎలక్ట్రానిక్ సామానుకి గ్యారంటీ ఉండదు" అన్నాడు. బిల్లు మీద "డిజిటల్ కాలిపర్" (వెర్నియర్‌కే ఇంకో పేరు) అని మాత్రమే రాశాడు, కంపెనీ పేరే లేదు. అది కావాలనే చేసిన పని. మీరు కొనేటప్పుడు కంపెనీ, మోడల్, సీరియల్ నంబర్ మూడూ బిల్లులో రాయించుకోండి. రాయనంటే లేచి వచ్చేయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 5 లక్షల లోపు వాటికి ఫీజు కూడా లేదు.

ఈ మధ్య బెజవాడలో గానీ గుంటూరులో గానీ "పాత స్టాక్" అంటూ ఇదే రేటుకి కొన్నవాళ్ళుంటే సీరియల్ నంబర్ ఫోటో తీసి పంపండి. ఒకే నంబర్ ఇంకెన్ని చోట్ల దొరికితే ఫిర్యాదుకి అంత బలం.