ఆరేళ్ల వాడకం తర్వాత నా రష్యన్ జేబు నిఘంటువు

రష్యన్ నేర్చుకోవడం మొదలుపెట్టిన నెలలోనే ఒక జేబు నిఘంటువు కొన్నాను. ఏడాది తిరగకముందే దాన్ని పక్కన పెట్టి మరొకటి తెచ్చుకున్నాను. ఆ రెండోది ఆరేళ్లుగా నా సంచిలో ఉంది. రెండూ రష్యన్-ఇంగ్లీషు నిఘంటువులే, రెండూ అరచేతిలో ఇమిడేవే. అట్ట మీది అంకెలు చూస్తే మొదటిదానిలోనే పదాలు ఎక్కువ. అయినా అది నాకు పనికిరాలేదు.

కారణం తెలియడానికి నాకు చాలా నెలలు పట్టింది. ఆ పుస్తకం రష్యన్లు ఇంగ్లీషు నేర్చుకోవడానికి తయారైంది. రెండు భాషలూ ఉన్నాయి కాబట్టి ఎటునుంచైనా వాడుకోవచ్చని నేను అనుకున్నాను. అందులో ప్రతి ఇంగ్లీషు మాట పక్కనా ఉచ్చారణ ఉంది, చివర ఇంగ్లీషు క్రియల భూతకాల రూపాల పట్టిక ఉంది. రష్యన్ మాటల దగ్గర మాత్రం లింగం లేదు, ఊనిక గుర్తు లేదు. ఊనిక అంటే మాటలో ఏ భాగాన్ని నొక్కి పలకాలో అది. పుట్టినప్పటి నుంచి ఆ భాష మాట్లాడేవారికి అవి అక్కర్లేదు. మనకు వాటితోనే పని.

ఒకసారి మా ఉపాధ్యాయురాలికి వసంతకాలం గురించి నాలుగు వాక్యాలు రాసి ఇవ్వాల్సి వచ్చింది. ‘స్ప్రింగ్’ అనే ఇంగ్లీషు మాట తీశాను. వరసగా మూడు రష్యన్ మాటలు ఉన్నాయి: విస్నా, ప్రుఝీన, ఇస్తోచ్నిక్. ఏది ఋతువో, ఏది గడియారంలో ఉండే స్ప్రింగో, ఏది నీటి ఊటో చెప్పే ముక్క ఒక్కటీ లేదు. రష్యన్ చదువరికి ఆ తేడా ఎలాగూ తెలుసు. నేను ‘ప్రుఝీన’ ఎంచుకున్నాను. చెట్లు చిగురించే కాలం గురించి రాయబోయి లోహపు చుట్ట గురించి రాశాను. రెండో నిఘంటువులో అదే చోట ప్రతి అర్థం ముందూ చిన్న అక్షరాల్లో ఇంగ్లీషు సూచన ఉంది. నేర్చుకునేవారి కోసం చేసిన పుస్తకమని నాకు నమ్మకం కలిగింది అక్కడే.

ఊనిక సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. రష్యన్‌లో ఊనిక ఏ అక్షరం మీదైనా పడవచ్చు. మామూలు పుస్తకాల్లో, పత్రికల్లో దాన్ని గుర్తించరు. ‘జామక్’ అంటే కోట, ‘జమోక్’ అంటే తాళం. రాతలో రెండూ ఒకటే. ‘మూక’ అంటే యాతన, ‘ముకా’ అంటే పిండి. అవీ అంతే. ఊనిక లేని ‘ఒ’ను ‘అ’లాగే పలుకుతారు కాబట్టి, ఊనిక తెలియకపోతే మాట మొత్తం తప్పుగా నోట్లో పడుతుంది. ఒకసారి తప్పుగా అలవాటైన మాటను దిద్దుకోవడం కొత్తమాట నేర్చుకోవడం కన్నా కష్టం. మొదటి ఏడాది నేను నేర్చిన మాటల్లో కొన్నిటిని ఇప్పటికీ సరిచేసుకుంటూనే ఉన్నాను.

ఊనిక గుర్తు ఉంటే చాలదు, అది కంటికి ఆనాలి. రష్యన్ ‘ఇ’ మీద ఊనిక గీత పడితే సన్నటి అచ్చులో అది పైన చిన్న వంపు ఉండే మరో అక్షరంలా కనిపిస్తుంది. ఆ రెండో అక్షరం హ్రస్వమైన ‘య్’. నా పుస్తకంలో ఊనికలు ముదురుగా పడ్డాయి. అయినా దీపం వెలుగు తక్కువగా ఉన్నప్పుడు రెండుసార్లు చూసుకోవాల్సి వస్తుంది. రెండు చుక్కలుండే ‘యో’ అక్షరాన్నీ నా నిఘంటువు చుక్కలతోనే అచ్చువేసింది. మామూలు పుస్తకాల్లో ఆ చుక్కలు తరచుగా వదిలేస్తారు. అప్పుడు ‘అందరూ’ అనే అర్థమిచ్చే ‘ఫ్స్యే’కూ, ‘అంతా’ అనే అర్థమిచ్చే ‘ఫ్స్యో’కూ తేడా కనిపించదు.

నిఘంటువు చేతికి వస్తే నేను మొదట చూసే మాట ‘స్లవార్’. దాని అర్థమే నిఘంటువు. ఇది మృదుచిహ్నంతో, అంటే తనకు ధ్వని లేకుండా ముందున్న హల్లును మెత్తగా పలకమని చెప్పే అక్షరంతో ముగుస్తుంది. అలా ముగిసే మాటలు పుంలింగమూ కావచ్చు, స్త్రీలింగమూ కావచ్చు, రూపం చూసి చెప్పలేం. ఇది పుంలింగం. షష్ఠీ విభక్తిలో ‘స్లవర్యా’ అవుతుంది, అంటే ఊనిక చివరికి జరుగుతుంది. ఈ రెండు సంగతులూ అక్కడ రాసి ఉంటే ఆ పుస్తకం మిగతా మాటల విషయంలోనూ శ్రద్ధ పెట్టినట్టే. నా మొదటి నిఘంటువు తన పేరు దగ్గరే మౌనంగా ఉండిపోయింది.

క్రియల దగ్గర పరీక్ష ఇంకా గట్టిది. రష్యన్‌లో దాదాపు ప్రతి పనికీ రెండు క్రియలుంటాయి. సాగుతున్న పనికి, మళ్లీ మళ్లీ జరిగే పనికి ఒకటి, పూర్తయిన పనికి మరొకటి. ‘కొనడం’ అనే మాటకు ‘పకుపాత్’, ‘కుపీత్’ జంట. ఒకటి ‘ప’ అక్షరం కింద, మరొకటి ‘క’ కింద. ‘తీసుకోవడా’నికి ‘బ్రాత్’, ‘వ్జ్యాత్’. వీటికి పోలికే లేదు. నా రెండో నిఘంటువు ఏ క్రియ తీసినా దాని జోడీని చూపిస్తుంది. మాటల ముందు చేరే ఉపసర్గల్లో చాలా ‘ప’తో మొదలవుతాయి కాబట్టి ఆ అక్షరానికే అన్నిటికన్నా ఎక్కువ పేజీలు. నా పుస్తకం అంచు చూస్తే ఆ భాగం మాత్రం వేలి ముద్రలతో నల్లబడి ఉంది.

క్రియ ఏ విభక్తిని కోరుతుందో కూడా నా పుస్తకం చెబుతుంది. ఇక్కడ తెలుగువారికి ఒక సౌకర్యం ఉంది. ‘అమ్మకు ఫోను చేశాను’, ‘అక్కకు సహాయం చేశాను’, ‘నాకు చలిగా ఉంది’ అన్న మూడింటిలోనూ రష్యన్ కూడా మనలాగే చతుర్థి వాడుతుంది. అర్థం ఇంగ్లీషులో చదివి ఇంగ్లీషు దారిలో వెళ్తే తప్పులు వస్తాయి. తెలుగులో ఆలోచిస్తే చాలాసార్లు సరిగ్గా కుదురుతుంది. అన్నిసార్లూ కాదు. మనం కుక్కకు భయపడతాం, రష్యన్‌లో ఆ కుక్క షష్ఠిలో ఉంటుంది. అందుకే ఆ చిన్న గుర్తు అవసరం.

లోపాలూ చెబుతాను. ‘నోరు’ రష్యన్‌లో ‘రోత్’, షష్ఠిలో ‘ర్తా’. చదువుతుంటే ‘ర్తా’ ఎదురవుతుంది, దాన్ని ఎక్కడ వెతకాలో కొత్తవారికి తెలియదు. ‘వెళ్లింది’ అనే అర్థమిచ్చే ‘ష్లా’కు అసలు క్రియ ‘ఇత్తీ’ అని ఊహించడం అసాధ్యం. నా నిఘంటువు ‘ష్లా’ను విడిగా చూపించి అసలు క్రియ దగ్గరకు పంపుతుంది, ‘ర్తా’ను చూపించదు. ఈ విషయంలో ఫోను మేలు, ఏ రూపం కొట్టినా మూలం చూపిస్తుంది. అందుకే చదివేటప్పుడు ఫోను, రాసేటప్పుడు పుస్తకం వాడుతున్నాను. పుస్తకంలో ‘సంతకం చేయడం’ కోసం వెతికితే అదే మూలం నుంచి వచ్చిన మాటలు కొన్ని ఆ దగ్గర పేజీల్లోనే తగులుతాయి. అలా దారిలో దొరికిన మాటలే నాకు ఎక్కువగా గుర్తున్నాయి.

రష్యన్ మాటలను రోమన్ లిపిలో రాసి ఇచ్చే పుస్తకాలను నేను వద్దంటాను. 33 అక్షరాలు రెండు వారాల్లో వచ్చేస్తాయి, ఆ తర్వాత ఆ రాత చోటు తినడం తప్ప చేసేది లేదు.

నా రెండో నిఘంటువు దారంతో కుట్టింది కాబట్టి పేజీలు ఊడలేదు. మొదటిది జిగురుతో అతికించింది, ఆరు నెలలకే మధ్యలో విడిపోయింది. రెండోదాని చివర ఉన్న నాలుగు ఖాళీ పేజీల్లో నిఘంటువులో దొరకని మాటలు పెన్సిలుతో రాసుకుంటూ వచ్చాను, ఊనికలతో సహా. అవి పోయిన ఏడాది నిండిపోయాయి. ఇప్పుడు అట్ట లోపలి వైపు రాస్తున్నాను.