చెరువు లాంచీ షాఫ్ట్‌కు ఏది మేలు: గన్‌మెటల్ బుష్షా, రబ్బరు బేరింగా?

హుస్సేన్‌సాగర్‌లాంటి చెరువులో తిరిగే లాంచీకి ప్రొపెల్లర్ షాఫ్ట్ బుష్ (షాఫ్ట్‌ను పట్టి ఉంచుతూ లోపల తిరగనిచ్చే గొట్టం) అరిగిందంటే, లేత్ షాపులో ముందు వినిపించే సలహా "గన్‌మెటల్ వేయించండి సార్, గట్టిది" అని. గన్‌మెటల్ అంటే ఒక రకం కంచు. గట్టిదే, చిక్కంతా అక్కడే. నీళ్లతో వచ్చిన ఇసుక రేణువు బుష్‌కీ షాఫ్ట్‌కీ నడుమ ఇరుక్కుంటే బయటపడే దారి ఉండదు. గ్రీజులో కలిసి సానరాయిలా అరగదీస్తుంది. బుష్ పోతే పోయింది, స్టీలు షాఫ్ట్‌కు కూడా గాడి పడుతుంది. అసలు ఖర్చు అదే. పైగా నొక్కిన గ్రీజు కొంత చెరువు పాలే.

రబ్బరు బేరింగ్ సంగతి వేరు. ఇత్తడి గొట్టం లోపల నైట్రైల్ రబ్బరు, దాని పొడవునా గాడులు. షాఫ్ట్ వేగం అందుకోగానే పల్చటి నీటిపొర ఏర్పడి, షాఫ్ట్ దాని మీదే తిరుగుతుంది. రేణువు వస్తే రబ్బరు కాస్త అణిగి దాన్ని దొర్లనిస్తుంది. గాడిలో పడ్డాక నీళ్లే బయటికి తోసేస్తాయి. పూడిక ఉన్న నీళ్లకు ఇంతకన్నా ఏం కావాలి?

దీనికీ పేచీలున్నాయి. రబ్బరు మెత్తన కాబట్టి బరువు పంచుకోవడానికి పొడవు కావాలి. మామూలుగా షాఫ్ట్ వ్యాసానికి నాలుగింతలు, అంటే 50 మి.మీ. షాఫ్ట్‌కు 200 మి.మీ. పాత లాంచీలో అంత చోటు ఉందో లేదో ముందు కొలుచుకోవాలి. మరీ నెమ్మదిగా తిప్పితే నీటిపొర నిలవక కీచుమంటుంది. ఒడ్డున పెట్టి ఇంజిను వేసి చూశారా, నీళ్లు లేక రబ్బరు కాసేపట్లోనే మాడిపోతుంది. గుర్రపుడెక్క వేళ్లో, పాలిథిన్ కవరో చుట్టుకుని నీటిదారి మూసుకుపోయినా అదే గతి. నగరం మధ్య చెరువులో కవర్లకు కొదవా!

నైలాన్ గురించి కూడా అడుగుతుంటారు. రాడ్డు తెచ్చి లేత్ మీద తిప్పేయొచ్చు, చవక. కానీ అది నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, వదిలిన సందు తగ్గిపోయి షాఫ్ట్‌ను పట్టేస్తుంది. వద్దు. పెద్ద ఓడల్లో వాడే ఏర్పాటు, అంటే ఆయిల్‌లో తడుస్తూ ఉండే వైట్‌మెటల్ (మెత్తటి మిశ్రమ లోహం) బేరింగు, బాగా మన్నుతుంది గానీ, దానికి కావాల్సిన సీళ్లు, ఆయిల్ ట్యాంకు చెరువు లాంచీకి దండగ.

కాబట్టి చోటుంటే నా ఓటు రబ్బరుకే. పంపుల పని తెలిసిన మెకానిక్‌కు ఇది వింతేమీ కాదు, వర్టికల్ టర్బైన్ పంపుల్లో (నిలువు షాఫ్ట్‌తో లోతు నుంచి నీళ్లు తోడేవి) నీళ్లతోనే తడిసే రబ్బరు బేరింగులు ఎప్పటినుంచో ఉన్నాయి. అయితే గీతలు పడ్డ పాత షాఫ్ట్ మీద కొత్త రబ్బరు ఎక్కించకండి, ముందు షాఫ్ట్ సంగతి చూడండి. ఎక్కించేటప్పుడు గ్రీజు కూడా పూయొద్దు, సబ్బునీళ్లు చాలు.