పెద్దయినంక స్వరాలు నేర్చుకునేటోళ్లకు కాసియో సీటీ-ఎస్200: ఏది నేర్పుతది, ఏది నేర్పదు

పాలమూరులోనైనా, నల్లగొండలోనైనా పెద్ద వయసులో సంగీతం మొదలుపెట్టేటోళ్లకు ముందు కనబడేది భజన మండలి హార్మోనియం. పాటకు అది బాగుంటది గానీ ఒక చెయ్యి ఎప్పుడూ తిత్తి మీదనే ఉంటది. స్వరస్థానాల (ఒక్కో స్వరం మోగే జాగాల) లెక్క పట్టుకోవాలంటే కాసియోటోన్ సీటీ-ఎస్200 కీబోర్డు అంతకన్నా నయం. 61 మెట్లు (నొక్కే కీలు), అన్నీ పెద్ద సైజువే. బరువు 3.3 కిలోలు. 6 ఏఏ బ్యాటరీల మీద కూడా నడుస్తది, కరెంటు పోయినా సాధన ఆగదు. అడాప్టర్ మాత్రం 9.5 వోల్టులది. పిన్ను పట్టింది కదా అని సెట్‌టాప్ బాక్సుది తెచ్చి గుచ్చొద్దు.

400 టోన్లు, 77 రిథమ్‌లు అని డబ్బా మీద ఊరించేవాటితో మనకు పనిలేదు. కావాల్సినవి పియానో టోన్, మెట్రోనోమ్ (తాళం లెక్క కొట్టేది), ట్రాన్స్‌పోజ్ (మెట్లన్నిటి శ్రుతిని ఒక్కసారే జరిపేది). అంతే.

దీని అసలు లాభం 12 స్వరస్థానాలు కంటికి కనబడుడు. చాలామంది మొదటి రోజే తెల్ల మెట్లు వరుసగా నొక్కి సరళీ వరుస (మొట్టమొదట నేర్పే స్వర పాఠం) వచ్చేసిందనుకుంటరు. తెల్ల మెట్ల పేర్లు వరుసగా సి, డి, ఇ, ఎఫ్, జి, ఏ, బి; రెండు నల్లవాటి గుంపుకు ఎడమ పక్కన ఆనుకున్న తెల్లది సి. సి నుంచి తెల్లవన్నీ నొక్కితే వచ్చేది 29వ మేళం (ఏడు స్వరాల మూల రాగం) శంకరాభరణం. సరళీ వరుసలు చెప్పేది 15వ మేళం మాయామాళవగౌళలో. దానికి మెట్ల లెక్క 1-3-1-2-1-3-1. అంటే సి షడ్జం (స) అయితే, దాన్ని ఆనుకున్న నల్లది రిషభం. నడుమ రెండు మెట్లు విడిస్తే గాంధారం, దాని పక్కదే మధ్యమం. ఒకటి విడిస్తే పంచమం, ఆనుకున్న నల్లది ధైవతం. మళ్లీ రెండు విడిస్తే నిషాదం, దాని పక్కన పై షడ్జం. తెల్లవి, నల్లవి అని చూడకుండా ప్రతి మెట్టునూ లెక్కపెట్టాలె. రిషభం, ధైవతం ఎక్కువ పలుకుతున్నయని గురువు గదిమితే తప్పు గొంతులో కాకుండా ఈ లెక్కలోనే ఉండొచ్చు.

ఈ లెక్క కుదిరినంక గ్రహభేదం (మెట్లు అవే ఉంచి షడ్జం జరిపితే రాగం మారుడు) పుస్తకం లేకుండానే తెలుస్తది. నల్ల మెట్లు మాత్రమే తీసుకోండి. మూడు నల్లవి ఒక్కచోట ఉన్న గుంపులో మొదటిదాన్ని షడ్జం చేస్తే మోహనం. రెండోదాన్ని చేస్తే మధ్యమావతి, మూడోదాన్ని చేస్తే హిందోళం. రెండు నల్లవి ఉన్న గుంపులో మొదటిదైతే శుద్ధ సావేరి. అవే ఐదు మెట్లు, షడ్జం జరిగితే రాగమే మారిపాయె! తెల్లవాటి మీద డి నుంచి ఖరహరప్రియ, ఎఫ్ నుంచి కల్యాణి, జి నుంచి హరికాంభోజి వస్తయి. బి నుంచి మాత్రం మేళం రాదు, అక్కడ పంచమం దొరకదు.

ట్రాన్స్‌పోజ్ జాగ్రత్తగా వాడాలె. మీరు పాడే శ్రుతి (షడ్జం ఉండే జాగా) రెండు, అంటే డి అయితే +2 పెట్టి సి నొక్కితే డి మోగుతది, వేళ్లు మార్చే పని ఉండదు. మొదటి నెలలకు సరే. దానికే అలవాటు పడితే మాత్రం మండలిలో మామూలు హార్మోనియం ముందర కూసున్నప్పుడు వేళ్లు ఆగిపోతయి. ఒకటిన్నర, రెండు, ఐదు శ్రుతుల్లో మాయామాళవగౌళ నేరుగా వాయించి చూసుకోండి.

తాళానికి మెట్రోనోమ్ 60 వేగంలో, 8 బీట్లకు పెడితే ఆది తాళం ప్రతి చుట్టు మొదట్లో గంట మోగుతది. ఒక్కో బీటుకు 1, 2, 4 స్వరాల చొప్పున మూడు కాలాలూ అదే వేగం మీద సాధన చెయ్యాలె. రెండో కాలానికి మెట్రోనోమ్ వేగం పెంచితే కాలం మారదు, పరుగు పెరుగుతది.

ఒక్క వేలితో కార్డ్ (కొన్ని స్వరాలు ఒక్కసారే కలిసి మోగుడు) మోగించే ఆటో అకంపనిమెంట్ జోలికి పోవద్దు. స, అంతర గాంధారం (మాయామాళవగౌళలో వచ్చిన గాంధారమే), ప కలిస్తే మేజర్ కార్డ్. గాంధారాన్ని ఒక మెట్టు దించితే మైనర్. మూడు వేళ్లతో నొక్కితేనే ఈ తేడా చెవికెక్కుతది.

లోపం ఎక్కడంటే, చెవికి పూర్తి గురువు ఇది కాలేదు. కీబోర్డులో అంతర గాంధారం షడ్జం నుంచి 400 సెంట్ల దగ్గర ఉంటది (ఒక్కో మెట్టుకు 100 సెంట్ల లెక్క). తంబూరలో సహజంగా వినబడేది సుమారు 386 దగ్గర. అందుకని మెట్టు నొక్కి స్థానం చూసుకున్నంక కీబోర్డు ఆపి, తంబూర యాప్ మీద పాడాలె. మెట్టుతో పాటే పాడుతూ పోతే గాంధారం కొంచెం ఎక్కువ పలికే అలవాటు పడుతది. గమకం (స్వరాన్ని ఊపి పలికించుడు) సంగతి చెప్పే పనేలేదు, తోడిలో గాంధారం మెట్టు మీద పలకదు.

గట్టిగా నొక్కినా మెత్తగా నొక్కినా శబ్దం ఒక్కటే. స్వరాల లెక్కకు దీంతో నష్టం లేదు. పియానో కూడా నేర్చుకునే ఉద్దేశం ఉంటే మాత్రం టచ్ రెస్పాన్స్ ఉన్న సీటీ-ఎస్300 తీసుకోండి. పైసలు తక్కువని 44 చిన్న మెట్ల ఎస్‌ఏ రకం కొనొద్దు. పెద్దోళ్ల వేళ్లకు నల్లవాటి నడుమ సందు సరిపోదు.