పరీక్షలప్పుడు ఫోన్ ఎక్కడుంటే మేలు: బల్ల మీదా, పక్క గదిలోనా, అసలు లేకుండానా?

ఒక ఇంజినీరింగ్ కాలేజీ హాస్టల్లో రెండేళ్లు వార్డెన్‌గా చేశాను. మిడ్ పరీక్షల ముందు రాత్రి ఏ గదిలోకి తొంగిచూసినా తెరిచిన నోట్సు, పక్కనే బోర్లా పెట్టిన ఫోను. "సైలెంట్‌లోనే ఉంది సార్" అనేవాళ్లు.

అబద్ధం కాదు. కానీ సైలెంట్ చాలదు. ఒకబ్బాయి లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మ్ లెక్క చేస్తుంటే గుమ్మం దగ్గర నిలబడి చూశాను. మూడో లైన్లో ఆగిపోయాడు. ఫోన్ మోగలేదు, వెలగలేదు. అయినా చెయ్యి అటే పోయింది. లాక్ తీశాడు, ఏమీ లేదు, పెట్టేశాడు. మళ్లీ లెక్క మొదటి నుంచి చదువుకున్నాడు. కాస్త కష్టం తగిలిన చోటే చెయ్యి ఫోన్ మీదికి పోతుంది. కాసేపు ఆగి తన్నుకులాడాల్సిందీ అక్కడే.

టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన ఏడ్రియన్ వార్డ్ బృందం 2017లో దాదాపు 800 మందితో చేసిన ప్రయోగాలు ప్రచురించింది. ఫోన్లన్నీ సైలెంట్‌లోనే. పక్క గదిలో వదిలి వచ్చినవాళ్లు, ఏకాగ్రత కావాల్సిన పరీక్షల్లో బల్ల మీద పెట్టుకున్నవాళ్ల కన్నా బాగా చేశారు. తర్వాత ఇతరులు చేసిన ప్రయోగాలన్నిట్లో ఈ తేడా కనబడలేదు కాబట్టి దాన్ని వేదవాక్కు అనను. నా కళ్లతో చూసినదానికి మాత్రం సరిపోయింది.

ఇక స్మార్ట్‌ఫోన్ మానేసి కీప్యాడ్ ఫోన్‌కి మారడం. ఉద్యోగ పరీక్షలకు ఇంట్లో పుస్తకాలతో చదివేవాళ్లకు కుదరొచ్చు. కాలేజీలో కష్టం. టైమ్‌టేబుల్ మార్పులు, సార్లు పంపే పీడీఎఫ్‌లు, పాత ప్రశ్నపత్రాలు అన్నీ వాట్సాప్ గ్రూపులోనే. ఎన్‌పీటెల్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల ఆన్‌లైన్ పాఠాలు వినాలన్నా తెర కావాలి. మా హాస్టల్లో ఒకడు నెల రోజులు ప్రయత్నించి, ప్రతిదానికీ రూమ్మేట్ ఫోన్ అడుక్కుని విసిగిపోయాడు.

అందుకే నా ఓటు పక్క గదికే. ఎనిమిది నుంచి పది దాకా ఫోన్ ఎదురు గది స్నేహితుడి దగ్గర, అతనిది ఇంకొకరి దగ్గర. కావాల్సిన పీడీఎఫ్ ముందే జిరాక్స్ తీయించుకోవాలి, లేకపోతే "ఒక్క పేజీ చూసొస్తా" అని లేస్తారు. టైముకి చిన్న గడియారం చాలు.

పిల్లలకి అసలు టెన్షన్ ఇంటి గురించి. "అమ్మ చేస్తే ఎత్తకపోతే కంగారు పడుతుంది సార్" అనేవాళ్లు. అర్జెంటైతే నాకు చెయ్యమని ఇళ్లకి చెప్పించాను. ఆ రెండు గంటల్లో నాకొచ్చిన ఫోన్లు రెండేళ్లలో మూడే.