‘కమిషన్ సున్నా’ బోర్డు చూసి నోట్లు తీయకండి

మొన్నటి విదేశీ ప్రయాణంలో విమానం దిగిన రెండు గంటల్లోనే రెండుసార్లు మునిగాను. రెండుసార్లూ నా చేతులారా నేనే ఇచ్చుకున్నాను. కొత్త దేశంలో దిగబోయేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా.

అర్ధరాత్రి దిగాను. సామాను కోసం బెల్టు దగ్గర నిలబడితే ఎదురుగానే ఎక్స్‌ఛేంజ్ కౌంటర్, అద్దం మీద పెద్ద అక్షరాలతో ‘కమిషన్ సున్నా’. టాక్సీకి నగదు కావాలి కదా అని 300 డాలర్లు ఇచ్చా. అక్కడున్నాయన చకచకా నోట్లు లెక్కపెట్టి, రసీదు మడిచి వాటి కింద పెట్టి ఇటు తోశాడు. టాక్సీలో కూర్చున్నాక ఆ మడత విప్పి ఫోన్‌లో రేటు చూస్తే, నా చేతికొచ్చింది 258 డాలర్ల విలువే. 42 డాలర్లు, అంటే 14 శాతం, హుష్‌కాకి. కమిషన్ మాత్రం నిజంగానే తీసుకోలేదు మహానుభావుడు!

బోర్డు మీద రెండు వరసలుంటాయి. మన దగ్గర వాళ్ళు కొనే రేటు ఒకటి, మనకి అమ్మే రేటు ఇంకొకటి. ఆ మధ్య తేడాలోనే వాళ్ళ లాభమంతా ఉంటుంది. నిద్రమత్తులో నేను చూసుకున్నది నాకు వర్తించని వరస. అందుకని కమిషన్ ఎంతని అడక్కండి. “ఇంత ఇస్తే అన్నీ పోను చేతికెంత వస్తుంది?” అని అడగండి. ఆ అంకె కాగితం మీద రాయించుకుని, ఫోన్‌లో సరిచూసుకున్నాకే నోట్లు అద్దం దాటించండి. నచ్చకపోతే టాక్సీకి సరిపడా మార్చుకుని బయటపడండి.

ఆ మంటలో, మిగతాది ఏటీఎంలో తీద్దామని హోటల్ పక్కనున్న మెషీన్ దగ్గరికెళ్ళా. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. నేనడిగిన మొత్తం, నా ఖాతాలోంచి మా కరెన్సీలో ఎంత పోతుందో చూపించి, ఈ రేటు సమ్మతమేనా అంది. పచ్చ బటన్ మీద ‘సమ్మతం’, ఎర్ర బటన్ మీద ‘తిరస్కరణ’. ఎర్రది నొక్కితే అసలు డబ్బే రాదేమోనని పచ్చది నొక్కేశా. అక్కడే దొరికిపోయాను. మన కరెన్సీలోకి మార్పిడి ఇలా మెషీనువాళ్ళే తమ రేటుకి చేసెయ్యడాన్ని డైనమిక్ కరెన్సీ కన్వర్షన్ అంటారు. తిరస్కరించినా నోట్లు వస్తాయి. అప్పుడు మన కార్డు మీదున్న వీసా కంపెనీయో మాస్టర్‌కార్డో తన రేటుకి మారుస్తుంది, మామూలుగా అదే మనకి మేలు. దుకాణాల్లో కార్డు గీకినప్పుడూ ఇదే ప్రశ్న వస్తుంది, స్థానిక కరెన్సీ అనే చెప్పండి. ఈ బాదుడు ఎంత ముదిరిందంటే, యూరోపియన్ యూనియన్ తన సభ్యదేశాల కరెన్సీల మధ్య జరిగే ఇలాంటి మార్పిడికి, యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్ రేటు మీద ఎంత శాతం ఎక్కువ వేస్తున్నారో ముందే చూపించాలని 2020 ఏప్రిల్ నుంచి నిబంధన పెట్టింది.

బ్యాంకు ఏటీఎం దొరికితే దారిపక్క ప్రైవేటు మెషీన్ జోలికి పోకండి. తీసిన ప్రతిసారీ విడిగా ఫీజు పడొచ్చు, కొంచెం కొంచెంగా తీయొద్దు. క్రెడిట్ కార్డుతో నగదు తీస్తే సాధారణంగా ఆ రోజు నుంచే వడ్డీ మొదలు, డెబిట్ కార్డే వాడండి.

తిరుగు ప్రయాణంలో మిగిలిన నోట్లు అదే కౌంటర్లో ఇవ్వబోయాను. ఈసారి రెండో వరస రేటు చూపించాడు. నాణేలైతే ముట్టుకోనే లేదు, గుప్పెడు చిల్లర ఇంకా నా బ్యాగులోనే గలగలలాడుతోంది.