ఓకామెల్‌కి ఈమాక్స్, మెర్లిన్: ఆరేళ్లు వాడాక

ఆరేళ్లుగా రోజూ ఓకామెల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో కోడ్ రాస్తున్నాను, ఈమాక్స్ ఎడిటర్‌లో, కోడ్ గురించి ఎడిటర్‌కి సమాచారం ఇచ్చే మెర్లిన్ అనే సాధనం పెట్టుకుని. అంతకుముందు జావా రాసినన్నాళ్లూ ఎడిటర్ అంటే చుక్క పెట్టగానే మెథడ్‌ల జాబితా చూపించేది అనుకునేవాణ్ణి. ఓకామెల్‌కి వచ్చాక ఆ జాబితా అవసరం బాగా తగ్గింది. ఇక్కడ రోజంతా ఎడిటర్‌ని అడిగేది ఒకటే, "దీని టైప్ ఏంటి?" అని. టైప్ అంటే ఒక విలువ ఏ రకందో చెప్పేది. టైపులు మనం పెద్దగా రాయం, కోడ్‌ని ప్రోగ్రామ్‌గా మార్చే కంపైలరే కనుక్కుంటుంది, అంటే కోడ్ అర్థం కావడానికి కావలసిన సగం సమాచారం కంటికి కనపడదు. దాన్ని అడిగిన వెంటనే చూపించే ఎడిటర్ నాకు కావాలి, మిగతావన్నీ ఆ తర్వాతే.

మెర్లిన్‌లో ఒక పేరు మీద కర్సర్ పెట్టి కంట్రోల్-సి, కంట్రోల్-టి నొక్కితే దాని టైప్ కింద కనిపిస్తుంది. ఆ తర్వాత కంట్రోల్-పై బాణం నొక్కితే దాని చుట్టూ ఉన్న ఎక్స్‌ప్రెషన్ (విలువ ఇచ్చే కోడ్ ముక్క) టైప్, ఇంకోసారి నొక్కితే ఇంకా పెద్దది. చెప్పుకోడానికి చిన్న విషయమే కానీ, ఒక ఫలితాన్ని తర్వాతి ఫంక్షన్‌కి అందించే పైప్ ఆపరేటర్‌తో ఏడెనిమిది ఫంక్షన్లు వరసగా కట్టిన కోడ్ చేతికొచ్చినప్పుడు తెలుస్తుంది దీని విలువ. ఆ ఆపరేటర్ ఎడమ నుంచి కలుపుకుంటూ వస్తుంది కాబట్టి మొదటి విలువ మీద కర్సర్ పెట్టి ఒక్కో నొక్కుతో ఒక్కో ఫంక్షన్ దాటుకుంటూ పోతే, లిస్ట్ కాస్తా ఆప్షన్‌ల (ఉండొచ్చు, లేకపోవచ్చు అనే విలువల) లిస్ట్ ఎక్కడ అయిందో, రిజల్ట్ (ఫలితమో తప్పో ఏదో ఒకటి) లోపల ఇంకో రిజల్ట్ ఎక్కడ దూరిందో అక్కడికక్కడే దొరికిపోతుంది. మధ్యలో ప్రింట్‌లు పెట్టి వెతికే పని లేదు.

ఇదంతా కోడ్ సగం రాసి ఉన్నప్పుడు కూడా పనిచేయాలి. బ్రాకెట్ మూయలేదు, కింద ఇంకో ఫంక్షన్‌లో తప్పుంది, అయినా పై ఫంక్షన్ టైప్ చెప్పాలి. 2013లో ఫ్రెడెరిక్ బూర్, థామస్ రెఫిస్ మెర్లిన్ మొదలుపెట్టారు. దీని లోపల కంపైలర్‌లో కోడ్‌ని చదివే పార్సర్, టైపులు సరిచూసే టైప్‌చెకర్‌ల సొంత ప్రతి ఉంటుంది, తప్పు కనపడగానే ఆగిపోకుండా ముందుకు పోయేలా మార్చిన ప్రతి. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. దీనివల్ల ఒక ఇబ్బంది కూడా ఉంది, మెర్లిన్ ఒక్కో ఓకామెల్ వెర్షన్‌కి విడిగా రావాలి, ఓపామ్ అనే ప్యాకేజీ సాధనంలో ఒక్కో స్విచ్‌లో (విడి సెటప్‌లో) విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి.

రెండోది, కేసులు విప్పడం. దీన్ని నేను మొదటి మూడేళ్లు అసలు పట్టించుకోలేదు. మా చెల్లింపుల కోడ్‌లో ఒక వేరియంట్ టైప్‌కి (కొన్ని కేసుల్లో ఏదో ఒకటయ్యే టైప్‌కి) నాలుగు కేసులుండేవి, ఐదోది "కొంత వాపసు" అని చేర్చాం. మామూలుగా ఏ మ్యాచ్‌లోనైనా (ఏ కేసుకి ఏం చేయాలో రాసే చోట) కేసు వదిలేస్తే కంపైలర్ 8వ నంబరు వార్నింగ్ ఇస్తుంది, ప్రాజెక్టుని బిల్డ్ చేసే డ్యూన్ సాధనం డెవ్ ప్రొఫైల్‌లో అది ఎర్రర్ అయి బిల్డ్ ఆగిపోతుంది. కానీ ఒక చోట నేనే చివర అండర్‌స్కోర్ పెట్టి "మిగతావన్నీ" అని రాసేశాను. కొత్త కేసు చడీచప్పుడు లేకుండా అందులోకి పోయింది, రెండు రోజుల లెక్కలు తప్పాయి, ఆ రెండు రోజుల టెన్షన్ ఇప్పటికీ గుర్తే. అప్పటి నుంచి అండర్‌స్కోర్ కనపడితే దాని మీద కర్సర్ పెట్టి మెర్లిన్‌లోని డిస్ట్రక్ట్ కమాండ్ కొడతాను, మిగిలిన కేసుల పేర్లన్నీ అదే విప్పి పెడుతుంది. కొత్త మ్యాచ్ రాసేటప్పుడు కూడా అంతే, విలువ పేరు రాసి డిస్ట్రక్ట్ కొడితే కేసులన్నీ వచ్చేస్తాయి, ఒక్కో కేసులో ఒక ఖాళీ వదిలిపెడుతుంది.

ఆ ఖాళీలు మరీ ఇష్టం నాకు. ఎక్స్‌ప్రెషన్ ఉండాల్సిన చోట అండర్‌స్కోర్ రాస్తే కంపైలర్ ఒప్పుకోదు, మెర్లిన్ మాత్రం దాన్ని ఖాళీగా గుర్తించి అక్కడ ఏ టైప్ రావాలో చెబుతుంది. కన్‌స్ట్రక్ట్ అనే కమాండ్ కొడితే ఆ టైప్‌కి సరిపోయేవి చూపిస్తుంది. పెద్ద ఫంక్షన్‌ని ముందు ఖాళీలతో రాసుకుని, టైపులన్నీ కుదిరాక ఒక్కో ఖాళీ నింపుకుంటూ వస్తాను.

కొత్తవాళ్లు ఎక్కువగా తికమకపడేది ఇంకొకటి. మెర్లిన్ పక్క ఫైళ్ల గురించి కంపైల్ అయిన ఫైళ్ల నుంచే తెలుసుకుంటుంది. ఒక ఫైల్‌లో టైప్ మార్చి బిల్డ్ చేయకుండా ఇంకో ఫైల్‌కి వెళ్తే అక్కడ పాత టైపే చూపిస్తుంది, సరైన కోడ్ కింద ఎర్ర గీత పడుతుంది. ఒక టెర్మినల్‌లో డ్యూన్ బిల్డ్‌ని వాచ్ (ఫైల్ మారినప్పుడల్లా దానంతట అదే బిల్డ్ అయ్యేలా) పెట్టి వదిలేయండి, ఈ బాధ చాలావరకు పోతుంది. ఇంతకుముందు ప్రాజెక్టులో మెర్లిన్‌కి విడిగా ఒక కాన్ఫిగ్ ఫైల్ కూడా ఉండేది, డ్యూన్ 2.8 నుంచి అది అక్కర్లేదు.

ఇండెంట్ (వరస ముందు వదిలే ఖాళీ) సంగతి తేలిగ్గా తీసుకోకండి. ఓకామెల్‌లో ఇండెంట్‌కి అర్థం లేదు, నిజమే, కానీ మ్యాచ్ లోపల బ్రాకెట్ లేకుండా ఇంకో మ్యాచ్ రాస్తే బయటి కేసులు లోపలి మ్యాచ్‌కి అంటుకుపోతాయి. ఎడిటర్ దానంతట అదే ఇండెంట్ చేస్తుంటే ఆ కేసు లోపలికి జరగడం కంటికి కనపడుతుంది, టైప్ ఎర్రర్ చదవకముందే తప్పు తెలిసిపోతుంది. సేవ్ చేసినప్పుడు కోడ్‌ని ఒకే తీరులో సర్దే ఓకామెల్‌ఫార్మాట్ నడిచేలా పెట్టుకున్నాను, దాని వెర్షన్ కాన్ఫిగ్‌లో రాసి ఉంచండి, లేదంటే టీమ్‌లో ఒక్కొక్కరి దగ్గర ఒక్కోలా ఫార్మాట్ అవుతుంది.

వీఎస్ కోడ్ ఎడిటర్ వాడేవాళ్లు ఈమాక్స్‌కి మారాల్సిన పనేం లేదు, అక్కడి ఓకామెల్ సర్వర్ లోపల ఉన్నదీ మెర్లినే.

చాలాకాలం లేక ఇబ్బంది పడింది ప్రాజెక్టు మొత్తంలో ఒక పేరు ఎక్కడెక్కడ వాడామో వెతకడం. ఓకామెల్ 5.2తో అది వచ్చింది, డ్యూన్‌తో ఇండెక్స్ కట్టించుకోవాలి. మా దగ్గర ఒక లైబ్రరీ ఇంకా 4.14 మీదే ఉంది. అక్కడ పేరు మార్చాలంటే ఇప్పటికీ ఒక చోట మార్చి బిల్డ్ చేసి, కంపైలర్ చూపించిన చోటల్లా దిద్దుకుంటూ పోతున్నాను.