₹5,310 పెరుగన్నం

డిసెంబరు 31 రాత్రికి మద్రాసులో సముద్రం వెంబడి వెళ్ళే ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద రిసార్టు బుక్ చేసుకోబోయేవాళ్ళు డబ్బు కట్టేముందు అక్కడికి ఫోన్ చేసి ఒక్క మాట అడగండి: గాలా డిన్నర్ (కొత్త సంవత్సరం విందు) తప్పనిసరా, తలకెంత? వాళ్ళు చెప్పింది వాట్సాప్‌లో పెట్టించుకోండి. నోటిమాట నమ్మకండి. ఎందుకంటున్నానో రాస్తాను. కానీ ముందు మంచి సంగతులు చెప్పేస్తాను, లేకపోతే మద్రాసు మీదే కక్ష కట్టి రాసినట్టు ఉంటుంది.

మాది నెల్లూరు. మా ఊళ్ళో చెన్నై అని పిలిచేది రైల్వే స్టేషన్లో మైకు ఒక్కటే, మిగతా అందరికీ అది మద్రాసే. పెళ్ళి చీరలకీ కంటి ఆపరేషన్లకీ పొద్దున రైలెక్కి రాత్రికి తిరిగొచ్చేసే ఊరు. అలాంటిచోట కొన్నాళ్ళు ఉండి సరదాగా తిరుగుదామంటే మావారు వింతగా చూశారు. "మద్రాసులో చలికాలం ఎక్కడుందే?" అన్నారు. ఆ మాట నిజమే, డిసెంబరు మధ్యాహ్నం కూడా చెమట పడుతుంది. అయితే అత్తయ్యకు ధనుర్మాసంలో కచేరీలు వినాలని ఎప్పటినుంచో కోరిక. మా మరిదికేమో సముద్రం ఒడ్డున న్యూ ఇయర్ పార్టీ కావాలి. ఇద్దరికీ రాజీ కుదిర్చి ముందు మైలాపూర్, ఆఖర్న ఈసీఆర్ అనుకున్నాం. మేమూ, మరిది వాళ్ళూ, మావారి స్నేహితుడి కుటుంబం, అత్తయ్య, అందరం కలిపి ఏడుగురు పెద్దవాళ్ళు, ముగ్గురు పిల్లలు. బుకింగులన్నీ మరిదే నెత్తిన వేసుకున్నాడు.

మైలాపూర్‌లో కపాలీశ్వరుడి గుడి కోనేటికి దగ్గర్లో పాతకాలం లాడ్జి. గది ₹2,600, జీఎస్టీ ₹130 కలిపి ₹2,730. ₹7,500 లోపు గదులకు 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ఇంకా 12 శాతం వేస్తే ఊరుకోకండి. లిఫ్టులో నలుగురు పడతారు, ఐదో మనిషి మెట్లెక్కాలి. వేడినీళ్ళు పొద్దున 8 దాకానే. దుప్పట్లు మాత్రం ఇస్త్రీ మడత విప్పనివి, బాత్రూమ్ తుడిచి ఆరబెట్టినది. డెస్క్ దగ్గరున్న పెద్దాయన మేము నెల్లూరని తెలియగానే తెలుగులోకి దిగిపోయారు. అత్తయ్యకు కింది అంతస్తులోనే గది సర్ది, దానికి పైసా ఎక్కువ అడగలేదు.

తెల్లవారుజామున 5 గంటలకు మాడవీధుల్లోకి వెళ్ళండి, నిద్ర పాడైనా ఫర్వాలేదు. వాకిళ్ళ నిండా తడి ముగ్గులు, మధ్యలో గుమ్మడిపూలు, తంబూరా పట్టుకుని పాడుకుంటూ వెళ్ళే భజన గుంపు. మా తోడికోడలు ఇన్‌స్టా కోసం ఫోన్ తీసి, రెండు నిమిషాలకే లోపల పెట్టేసి వాళ్ళ వెనకాల నడిచింది. ఆవిడ ఫోన్ లోపల పెట్టడం ఈ ప్రయాణం మొత్తంలో అప్పుడొక్కసారే. రోడ్లు మాత్రం దారుణం. రెండో దశ మెట్రో కోసం మైలాపూర్ నడిబొడ్డునే తవ్వేసి రేకులు కట్టారు, కనబడే వీధికి కూడా చుట్టూ తిరిగి వెళ్ళాలి. ఆటోవాళ్ళు ఆ తిరుగుడు సాకుతో కిలోమీటరున్నర దూరానికి ₹150 అడుగుతారు. 2013లో ప్రభుత్వం పెట్టిన మీటరు రేటు మొదటి 1.8 కిలోమీటర్లకు ₹25 అని నేను గుర్తుచేస్తే ఒకాయన చాలాసేపు హాయిగా నవ్వాడు. పిల్లలతో ఉంటే యాప్‌లో పిలుచుకోవడమే మేలు.

రాయపేట హైరోడ్డు మీద పొట్టి శ్రీరాములు గారి స్మారక భవనం ఉంది. 1952లో ఆయన 58 రోజులు నిరాహార దీక్ష చేసి డిసెంబరు 15న ప్రాణం విడిచిన ఇల్లు ఇదే, బులుసు సాంబమూర్తి గారిది. మా జిల్లాకు ఆయన పేరే పెట్టారు కదా, స్కూలు పుస్తకం మీద ఆ పేరు రాసుకునే పిల్లలు చూడాలని తీసుకెళ్ళాను. మా పెద్దాడు ఫొటో ముందు నిలబడి "యాభై ఎనిమిది రోజులూ ఏమీ తినలేదా?" అని మూడుసార్లు అడిగాడు. బయటికి రాగానే ఆకలన్నాడు.

ఆ ఆకలే మమ్మల్ని కచేరీలు జరిగే సభ క్యాంటీన్‌కి చేర్చింది. ఈ క్యాంటీన్ల గురించి తెలియనివాళ్ళకు ఒక మాట. 1927 చివర్లో మద్రాసులో కాంగ్రెస్ మహాసభలు జరిగినప్పుడు పక్కనే సంగీత సభలు కూడా పెట్టారు. అందులోంచే 1928లో మ్యూజిక్ అకాడమీ పుట్టింది, డిసెంబరు కచేరీల నెలగా స్థిరపడిపోయింది. ఇప్పుడు ఊరంతా సభలే. సభకో క్యాంటీన్, ఆ సీజన్‌కి మాత్రమే వంటవాళ్ళు దిగి పందిరి వేస్తారు. కచేరీ టికెట్ లేకపోయినా చాలాచోట్ల తినొచ్చు. పాట వినకుండా తిని వెళ్ళిపోయేవాళ్ళే సగం మంది ఉంటారేమో!

ఆకు భోజనం ₹450, టోకెన్ తీసుకుని గంట నిలబడ్డాం. పిల్లలు గోల, మావారు "ఈ డబ్బుకి నెల్లూరులో చేపల పులుసుతో ఇద్దరు తింటారు" అని గొణుగుడు. కూర్చున్నాక అందరి నోళ్ళూ మూతపడ్డాయి. ఆకుకి ఎడమ పక్క ఉప్పు, లేత మామిడికాయ పచ్చడి, తోటకూర వడ. వడ అంచు కరకరలాడుతోంది, విరిస్తే లోపల మిరియం గింజ తగులుతోంది. పప్పు నెయ్యి అయ్యాక సాంబారు, ఆ తర్వాత వత్తకుళంబు. ఎండబెట్టి వేయించిన సుండక్కాయలు (ఉస్తికాయలు) వేసిన పులుసు అది, నువ్వుల నూనె పైకి తేలి నల్లగా ఉంటుంది. మన నెల్లూరు పులుసు తిన్న నాలుకకు కూడా దానికి వంక పెట్టాలనిపించలేదు. చివర్లో అక్కారవడిసల్ వచ్చింది. బియ్యాన్ని పాలల్లో ఉడికించి బెల్లం, నెయ్యి పోస్తూ గంటల తరబడి కలిపే పరమాన్నం. వడ్డించే పెద్దాయన నా ఆకులో వేసి, నా మొహం చూసి, అడగకుండానే ఇంకో గరిటె వేశారు. మావారు మూడోసారి అడిగి వేయించుకున్నారు. చేపల పులుసు మాట మళ్ళీ ఎత్తలేదు.

తిన్నాక అక్కడే మధ్యాహ్నం కచేరీ. చాలా సభల్లో మధ్యాహ్నం పూట కుర్రవాళ్ళు పాడే కచేరీలకు టికెట్ ఉండదు, సాయంత్రం పెద్దవాళ్ళ కచేరీలకే ఉంటుంది. మెల్లిగా నిద్ర పడుతుందనుకున్నాను గానీ, ఇరవై ఏళ్ళు కూడా నిండని అమ్మాయి త్యాగరాజ కీర్తన ఎత్తుకుంటే హాల్లో సగం మంది తొడ మీద తాళం వేస్తున్నారు. అత్తయ్య కొంగుతో కళ్ళు తుడుచుకుని "మన ఊళ్ళో ఉచితంగా టిఫిన్ పెట్టినా ఇంతమంది రారే అమ్మాయ్" అన్నారు. మర్నాడు కూడా కచేరీలకే వెళ్తానన్నారు, ఎవరూ అడ్డు చెప్పలేదు. ముక్కోటి ఏకాదశి 30న పడింది, ఆ రోజు గుళ్ళ దగ్గర జనం సంగతి రాయనక్కర్లేదు.

31న వ్యాన్ మాట్లాడుకుని ఈసీఆర్ ఎక్కాం. దారిలో ముట్టుకాడు దగ్గర దక్షిణచిత్ర. నాలుగు రాష్ట్రాల పాత ఇళ్ళను ఊళ్ళలోంచి విప్పి తెచ్చి మళ్ళీ కట్టిన చోటు, 1996లో తెరిచారు. మనవైపు చుట్టిల్లు ఉంది, ఇక్కత్ నేతగాళ్ళ ఇల్లు ఉంది. అత్తయ్య చుట్టిల్లు అరుగు మీద కూర్చుని లేవనన్నారు. మంగళవారం సెలవు, చూసుకుని వెళ్ళండి. అక్కడితో మా మంచి ఘడియలు అయిపోయాయి.

రిసార్టు పేరు రాయను. చెక్-ఇన్ 2 గంటలకన్నారు, తాళాలు చేతికొచ్చేసరికి 4 దాటింది. గది ₹9,800, మూడు గదులకు ₹29,400, ₹7,500 దాటింది కాబట్టి 18 శాతం జీఎస్టీ, మొత్తం ₹34,692. ఇది మరిది ముందే యాప్‌లో కట్టేశాడు. "సీ వ్యూ" గది బాల్కనీలోంచి సరుగుడు చెట్లు, వాటి వెనక సగం కట్టిన గోడ, గోడకీ చెట్టుకీ మధ్య చీర అంచంత సముద్రం.

అప్పుడు రిసెప్షన్ అమ్మాయి కాగితం బ్యాండ్లు తీసింది. పసుపు శాకాహారులకు, ఎరుపు మందు తాగేవాళ్ళకు. "సార్, ఈ రాత్రి గాలా డిన్నర్ మ్యాండేటరీ. పెద్దవాళ్ళకు 4,500, ఐదేళ్ళు దాటిన పిల్లలకు 2,250, ప్లస్ జీఎస్టీ" అంది. మరిది మొహం చూడాలి. యాప్‌లో రాసి ఉందని ఆ అమ్మాయి, లేదని ఇతను. చివరికి దొరికింది. ఫొటోలు, ఈత కొలను వేళలు, కుక్కలకు ప్రవేశం లేదు అన్నవన్నీ దాటాక, ఇంకో పేజీ తెరిస్తే అడుగున బూడిదరంగు అక్షరాల్లో ఒక లైను. రేటు అక్కడా లేదు. అత్తయ్య ముందుకెళ్ళి "నేను ధనుర్మాసంలో ఉల్లి కూడా ముట్టనమ్మా, రాత్రిపూట పెరుగన్నమే. నాకెందుకు ఆ డిన్నరు?" అని అడిగారు. "తినకపోయినా కట్టాలి పాట్టీ (అవ్వా)" అని నవ్వుతూనే ఆవిడ చేతికి పసుపు బ్యాండ్ అంటించింది.

వెళ్ళిపోదామన్నారు మావారు. 31 సాయంత్రం, ముగ్గురు పిల్లలతో, ఎక్కడికి? వాళ్ళకీ అది తెలుసు. ఈ వ్యాపారం మొత్తం నిలబడింది దానిమీదే.

డిన్నర్ 8 గంటలకు. "అన్‌లిమిటెడ్ స్టార్టర్స్" 9:40కి అయిపోయాయి. పనీర్ ఉన్న పాత్ర మూత ఎత్తితే అడుగున మసాలా గీకుతున్న కుర్రాడు కనిపించాడు, పాపం వాడిదేం తప్పు. పిల్లలు పాస్తా వరసలో అరగంట నిలబడి ఐస్‌క్రీమ్‌తో సరిపెట్టుకున్నారు. స్వీట్ల బల్ల చివర చిన్న గిన్నెలో పెరుగన్నం దొరికింది, దానిమ్మ గింజలు, క్యారెట్ తురుము చల్లి. అత్తయ్య దానిమ్మ గింజలు ఒక్కొక్కటే పక్కకు తీసి, రెండు గరిటెలు తిని చెయ్యి కడుక్కున్నారు. మావారు ఫోన్‌లో లెక్కేసి చూపించారు: 4,500, దానికి 18 శాతం 810. ఐదు వేల మూడు వందల పది రూపాయల పెరుగన్నం.

"సముద్రం ఒడ్డున తెల్లవార్లూ డీజే" అని ప్రకటన. బయట 10 తర్వాత లౌడ్‌స్పీకర్ కుదరదన్న నిబంధన 2000 సంవత్సరం నుంచీ ఉన్నదే, వాళ్ళకు తెలియదా? సరిగ్గా 10కి పాట ఆపి అందర్నీ హాల్లోకి తోలారు. కుర్చీలు చాలక మా చిన్నది నా ఒళ్ళో, మిగతా ఇద్దరూ బల్ల కింద దుప్పటి మీద నిద్రపోయారు. మరిది ఒక్కడే "బాగానే ఉంది కదా వదినా" అంటూ తిరిగాడు. తోడికోడలు ఆ రాత్రి అతనితో మాట్లాడలేదు.

పొద్దున బిల్లు. డిన్నర్ ₹38,250, జీఎస్టీ ₹6,885, దాని కింద "సర్వీస్ ఛార్జ్ 10%" ₹3,825. ఇక్కడ మావారి స్నేహితుడు అక్కరకొచ్చాడు. పన్నుల లెక్కలు రాసే మనిషి. హోటళ్ళు సర్వీస్ ఛార్జిని బిల్లులో తమంతట తాము కలపకూడదని వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలోనే చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. ఆయన ఈ రెండూ మెల్లగా చెప్పి, ఫోన్‌లో 1915 నొక్కి కౌంటర్ మీద పెట్టాడు. అది వినియోగదారుల హెల్ప్‌లైన్. రింగు వెళ్ళకముందే మేనేజర్ "సిస్టమ్ మిస్టేక్ సార్" అంటూ ఆ లైను కొట్టేశాడు. "చూశావా చెల్లెమ్మా, సిస్టమ్‌కి చెవులున్నాయి" అన్నాడు ఆయన. డిన్నర్ మటుకు తగ్గలేదు, ₹45,135 కట్టి బయటపడ్డాం. గదులతో కలిపి ఆ ఒక్క రాత్రి ₹79,827. మైలాపూర్‌లో మూడు గదులూ రాత్రికి ₹8,190.

జనవరి 1న మహాబలిపురం పెట్టుకోకండి. టికెట్ మనిషికి ₹40, పదిహేనేళ్ళ లోపు పిల్లలకు ఉచితం, అంతా బాగానే ఉంది, కానీ ఊళ్ళోకి వ్యాన్ దూరడానికే గంట పట్టింది. ఒక్కో రాతిని తొలిచి 7వ శతాబ్దంలో చెక్కిన పంచరథాల ముందు సెల్ఫీల వరస. రథాల కన్నా తలకాయలే ఎక్కువ చూశాం. మామూలు వారంలో పొద్దున్నే వెళ్తే అది వేరే అనుభవం.

మళ్ళీ వెళ్తే మైలాపూర్‌లోనే, అదే లాడ్జిలో. 31 రాత్రి క్యాంటీన్‌లో రవ్వదోసె తిని, కాఫీ తాగి పడుకుంటాం అని అత్తయ్య, నేను, తోడికోడలు తీర్మానించేశాం. మరిది యాప్‌వాళ్ళకు పెద్ద ఫిర్యాదు రాశాడు. వాళ్ళు చింతిస్తున్నామంటూ ₹500 కూపన్ పంపించారు. ఫిబ్రవరి నెలాఖరులోపు వాడాలట. నిన్న భోజనాల దగ్గర తమిళనాడు కొండల్లో ఉన్న యేర్కాడ్‌లో గదుల రేట్లు చూస్తూ దొరికిపోయాడు.